ప్రళయానంతరము ఒక పల్లె: పాత్రధారణ వీడియో క్రీడల పరిణామ విమర్శ

లోకము నశించిన పిమ్మట మిగిలినవారి కథ తెలుగు పాఠకునకు క్రొత్తది కాదు. కురుక్షేత్రమున యుద్ధము ముగిసినను భారతకథ ముగియలేదు. తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని తెలిగించిన పదునైదు పర్వములలో స్త్రీపర్వము, శాంతిపర్వము, మౌసలపర్వము నున్నవి. గెలిచిన రాజు సింహాసన మెక్కుటకు వెనుదీయుట, అంపశయ్యమీది వృద్ధుడు అతనికి రాజధర్మమును బోధించుట, ద్వారక సముద్రమున మునుగగా మిగిలినవారిని వెంటగొని పోవు అర్జునునకు గాండీవము అక్కరకు రాకపోవుట అను ఘట్టములు వినాశమును వర్ణించుటకంటె వినాశానంతరమున మనుష్యుడెట్లు బ్రదుకవలెనను ప్రశ్నకే ఎక్కువ సంబంధించినవి. యుద్ధము వీరమునకు తావు. యుద్ధానంతరము కరుణకును, శాంతమునకును, అన్నింటికంటె మిక్కిలిగా ధర్మవిచారమునకును తావు.

అణ్వస్త్రము పుట్టిన పిమ్మట ఈ ప్రశ్న పాశ్చాత్యదేశములలో మరల తలయెత్తినది. నవలలను, చలనచిత్రములను ఆశ్రయించి, 1980వ దశాబ్దమున అది కంప్యూటరు తెరమీదికిని వచ్చినది. అచ్చట దానికి దొరకిన రూపములలో ముఖ్యమైనది పాత్రధారణ క్రీడ. రోల్‌ప్లేయింగ్ గేమ్ అని లోకవ్యవహారము. ఇందు ఆటగాడు ఒక పాత్రను తానే నిర్మించుకొనును. దానికి బలము, బుద్ధి, వాక్చాతుర్యము మున్నగు గుణములను అంకెల రూపమున పంచియిచ్చును. ఎదురైన ప్రతి సన్నివేశమునను ఏమి చేయవలెనో, ఏమి పలుకవలెనో తానే నిర్ణయించును. కావ్యమును చదువువాడు ధర్మరాజు నిర్ణయమును చూచి తలయూచును, లేదా నిట్టూర్చును. ఈ క్రీడలో నిర్ణయభారము చదువరి భుజములమీదనే పడును. యుద్ధానంతర ధర్మవిచారమునకు ఇంతకంటె అనువైన రూపము అరుదు.

ఈ క్రీడల పరిణామమును గూర్చి ముచ్చటించువారు చిత్రముల సొంపును, ప్రపంచముయొక్క వైశాల్యమును, యంత్రవేగమును కొలబద్దలుగా గైకొనుట కలదు. ఆ కొలతనుబట్టి 1988 మొదలు నేటివరకు జరిగినది ఎడతెగని అభివృద్ధియే. కాని ఈ వస్తువునకు తగిన కొలతలు వేరు. ఆటగాడు చేసిన పనికి ఫలితము నిలిచియుండునా అనునది మొదటిది. శిథిలములనుండి ఏదేని మొలకెత్తునా అనునది రెండవది. ఈ రెంటినిబట్టి చూడగా పరిణామము తిన్నని బాటగా కనబడదు; కొంత ఎక్కి, కొంత దిగి, మరల ఎక్కిన కొండదారివలె కనబడును. ఆ దారిలో 1997నుండి 2024వరకు గుర్తుగా నిలువదగినది షేడీ సాండ్స్ అను ఒక చిన్న పల్లె. ఆ పల్లెకు పట్టిన గతియే ఈ క్రీడలకు పట్టిన గతి యని చెప్పవచ్చును.

చెరగని గీత

అమెరికాలోని ఇంటర్‌ప్లే సంస్థ నిర్మింపగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 1988లో వెలువరించిన 'వేస్ట్‌లాండ్' ఈ శాఖకు మూలస్తంభము. బీడునేల యని పేరునకు అర్థము. బ్రయన్ ఫార్గో ఆధ్వర్యమున ఆలన్ పావ్లిష్, మైకేల్ స్టాక్‌పోల్, కెన్ సెయింట్ ఆండ్రీ, లిజ్ డాన్‌ఫోర్త్ మున్నగువారు దీనిని రూపొందించిరి. వీరిలో స్టాక్‌పోల్, సెయింట్ ఆండ్రీలు అంతకుముందే బల్లచుట్టు కూర్చుండి పాచికలతో, కాగితములతో ఆడు పాత్రధారణ క్రీడలను రచించినవారు. ఆ అనుభవమే దీనికి పునాది. కథాకాలము 2087. 1998లో జరిగినట్లు కల్పించిన అణుయుద్ధమున లోకము నశింపగా, అమెరికా నైరృతిభాగపు ఎడారిలో మిగిలిన రేంజర్లను రక్షకదళము ఊరూర తిరిగి ఆపదలను తీర్చుట ఇందలి ఇతివృత్తము.

నాటి ఫ్లాపీ డిస్కులలో చోటు మిక్కిలి స్వల్పము. వర్ణనవాక్యములన్నియు అందు పట్టవు. కావున నిర్మాతలు వానిని ఒక చిన్న పుస్తకమున అచ్చువేసి, వరుససంఖ్య లిచ్చి, క్రీడతో జతచేసిరి. ఫలానా సంఖ్యగల భాగమును చదువుమని తెరమీద సూచన వచ్చినప్పుడు ఆటగాడు పుస్తకము తెరచుకొనవలెను. ముందుగనే చదివి గుట్టు తెలిసికొనజూచు ఆతురపరులకొరకు అంగారకగ్రహమును గూర్చిన కట్టుకథనొకదానిని కూడ అందు కలిపిరి. ఇట్లు సాధనముయొక్క కొరతయే కథనమునకు వన్నె యైనది. తెర చూపినది కొన్ని గళ్ల బొమ్మలను మాత్రమే. ఎడారిని నిర్మించినది చదువరి మనస్సు.

దీని ముఖ్యగుణము ఇంకొకటి కలదు. ఆ కాలపు క్రీడలలో పెక్కింట ఆటగాడు ఒకచోటు విడిచి మరల వచ్చునప్పటికి అంతయు యథాపూర్వముగ నుండెడిది. చచ్చిన శత్రువు మరల లేచి నిలుచుండెడివాడు. వేస్ట్‌లాండులో ఆటగాడు చేసిన మార్పు డిస్కుమీదనే వ్రాయబడెడిది. అందుచేతనే మూలప్రతిని దాచి నకలుమీద ఆడవలసి వచ్చెడిది. హైపూలను చోట ఒక బాలుడు తప్పిపోయిన తన కుక్కను వెదకిపెట్టుమని వేడుకొనును. గుహలో కనబడిన కుక్క పిచ్చిపట్టినదై మీదికి దూకును. జాలికిని, ఆత్మరక్షణకును నడుమ చిక్కిన ఆటగానికి సుఖమైన తోవ లేదు. యంత్రమునకు కర్మఫలమును నేర్పిన ఈ ఏర్పాటే తరువాతి కృతులకు వారసత్వముగా లభించినది.

మాటయే ఆయుధము

వేస్ట్‌లాండ్ హక్కులు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారియొద్దనే యుండుటచే ఇంటర్‌ప్లేవారు దానికి ఉత్తరభాగమును రచింపజాలక, వేరొక లోకమును కల్పించుకొనిరి. 1997లో వెలువడిన 'ఫాలౌట్' అట్లు పుట్టినది. అణుబాంబు ప్రేలిన పిదప ఆకసమునుండి రాలు విషధూళికి ఆ పేరు. పని మొదట టిమ్ కెయిన్ ఒక్కనితోనే ఆరంభమైనది. స్టీవ్ జాక్సన్ గేమ్స్ వారి గర్ప్స్ నియమావళిని అనుసరింపవలెనని మొదట తలంచిరి. ఆ యొప్పందము 1997లో చెడుటచే బలము, గ్రహణశక్తి, ఓర్పు, ఆకర్షణ, బుద్ధి, చురుకుదనము, అదృష్టము అను ఏడు గుణములుగల సొంత నియమావళిని ఏర్పరచుకొనిరి.

ఇందలి లోకకల్పన విచిత్రమైనది. 1950వ దశాబ్దపు అమెరికా తన భవిష్యత్తును ఎట్లు ఊహించుకొన్నదో ఆ ఊహయే నిజమై, పిదప బూడిదయైనచో ఎట్లుండునో అట్లున్నది. నవ్వుమొగముల ప్రకటనలు, వంకరలు తీరిన కారులు, గృహకృత్యములు చేయు మరమనుషులు, వీని నడుమ కంకాళములు. హాస్యమును బీభత్సమును ఒకదాని ప్రక్క నొకటి నిలుపుటచే రెండును పదునెక్కినవి.

యుద్ధము జరిగినది 2077లో. కథానాయకుడు 2161లో 13వ సంఖ్యగల వాల్ట్ అను భూగర్భాశ్రయమునుండి వెలికివచ్చును. అచ్చటి నీటిని శుద్ధిచేయు యంత్రమున ఒక భాగము చెడినది. 150 దినములలో దానిని సంపాదించి తేవలెను. ధనమిచ్చి వర్తకులచే నీటిని పంపించినచో గడువు ఇంకొక 100 దినములు పెరుగును. కాని ఆ బండ్ల రాకపోకలవలన ఆశ్రయముయొక్క జాడ శత్రువులకు త్వరగా చిక్కును. మేలుకొరకు చేసిన పనిలోనే కీడు పొంచియుండుట ఇందు తొలినుండియు కనబడుచున్నది.

కథానాయకుని దారిలో తగులు తొలి పల్లె షేడీ సాండ్స్. మట్టిగోడలు, పైరులు, పశువులు. ఆరాదేష్ దాని పెద్ద, టాండి అతని కూతురు. పల్లెవారిని బెదరించు తేళ్లను చంపవచ్చును. దోపిడిగాండ్రు ఎత్తుకొనిపోయిన టాండిని విడిపించి తేవచ్చును. అంతకంటె గమనింపదగినది వేరొకటి: విజ్ఞానము చాలినంత యున్నచో ఒక రైతునకు పంటల మార్పిడిని బోధింపవచ్చును. కాలిపోయిన భూమిమీద వ్యవసాయమును గూర్చిన ఒక మంచి మాట కూడ వీరకృత్యముగా లెక్కకు వచ్చుట ఈ కృతి మనఃస్థితిని తెలుపును.

మాటకు గల ఈ గౌరవము తుదిదాక నడచినది. బుద్ధి మిక్కిలి తక్కువగాగల పాత్రను నిర్మించుకొన్నవాడు మూలుగులు తప్ప పలుకజాలడు. పెక్కు ద్వారములు వానికి మూతపడును. ప్రతినాయకుడైన మాస్టర్ మనుష్యులనందరను ఒకే క్రొత్తజాతిగా మార్చినచో కలహములు శమించునని నమ్మినవాడు. వానిని ఆయుధముతో చంపవచ్చును. వాని జాతికి సంతానము కలుగదని సాక్ష్యముతో నిరూపింపవచ్చును కూడ. అప్పుడు తాను చేసిన క్రూరకార్యములన్నియు వ్యర్థములని గ్రహించి వాడు తన్ను తానే అంతము చేసికొనును. గాండీవమునకు సాధ్యముకానిది వాక్కునకు సాధ్యమైన ఘట్టమిది. పిదప నాయకునకు దక్కిన సన్మానము బహిష్కారము: వాని ననుసరించి యువకులు వెడలిపోవుదురను భయమున ఆశ్రయాధికారి వానిని లోనికి రానీయడు. కడపటి చిత్రములలో ఒక్కొక్క ఊరి భవిష్యత్తు నాయకుడు చేసినదాని ననుసరించి వినిపింపబడును.

పల్లె రాజ్యమైనది

మరుసటి యేట, 1998లో, ఇంటర్‌ప్లేలోని బ్లాక్ ఐల్ శాఖ 'ఫాలౌట్ 2'ను వెలువరించినది. కథాకాలము 2241, అనగా మొదటి కథకు 80 సంవత్సరముల తరువాత. పూర్వనాయకుడు నెలకొల్పిన అరోయో పల్లెనుండి అతని వంశజుడు బయలుదేరును. ఈ నడుమ షేడీ సాండ్స్ నవకాలిఫోర్నియా గణతంత్రమునకు రాజధాని యైనది. టాండి వృద్ధయై దానికి అధ్యక్షురాలైనది. మొదటి క్రీడలో ఆమెను కాపాడినవారికి రెండవదానిలో ఆమె పాలనను చూచుట, నాటిన మొక్క చెట్టయి కనబడినట్లు తోచును.

రాజ్యము పుట్టినచో రాజ్యదోషములును పుట్టును. గెక్కో అను ఊర అణుధార్మికతచే వికృతులైన మనుష్యులు ఒక పాత అణువిద్యుత్కేంద్రమును నడపుచుందురు. దాని మలినము భూగర్భజలమున జేరి, పొరుగుననున్న సంపన్నమైన వాల్ట్ సిటీకి హాని చేయుచుండును. ఆ నగరపాలకులకు గెక్కోవారు రోత. ఆటగాడు కేంద్రమును నాశనము చేయవచ్చును, బాగుచేయవచ్చును. ఎగువవారి మురికి, దిగువవారి నీరు, ఇరువురి నడుమ ద్వేషము: కల్పనాలోకమున నున్నను ఈ తగవు భూలోకమున ఎరుగనివారు లేరు. సమకాలిక చలనచిత్రములనుండి తెచ్చిన పరిహాసములు మితిమీరుట ఈ కృతికి లోపము. బీభత్సమునకు ప్రక్కగా నిలిచిన హాస్యము దానిని అచ్చటచ్చట మ్రింగివేసినది. అయినను రెండవ కొలత ప్రకారము ఇంత ఫలించిన కృతి అంతకుముందు లేదు.

చూపు పెరిగినది, కాలము నిలిచినది

ఇంటర్‌ప్లే ఆర్థికముగ క్షీణించి 2003లో బ్లాక్ ఐల్ శాఖను మూసివేసినది. నిర్మాణములోనున్న మూడవ భాగము ఆగిపోయినది. 2004లో తదుపరి భాగమును నిర్మించు అనుమతిని పొందిన బెథెస్డా సంస్థ 2007లో ఫాలౌట్ హక్కులను పూర్తిగా కొనినది. 2008 అక్టోబరున వెలువడిన 'ఫాలౌట్ 3'తో క్రీడాస్వరూపమే మారినది. పూర్వము ఆటగాడు పైనుండి చదరంగపు బల్లను చూచినట్లు లోకమును చూచుచు, వంతులవారిగా పోరాడెడివాడు. ఇప్పుడు పాత్రయొక్క కన్నులతోనే చూచుచు నడచును. భూగర్భమున పుట్టిపెరిగిన యువకుడు తలుపు తెరచుకొని వెలుగులోనికి వచ్చి, కాలిపోయిన వాషింగ్టన్ పరిసరములను మొదటిసారి చూచు ఘట్టము ఈ నూతనదృష్టికి సార్థక్యము చేకూర్చినది.

గుణములు లేకపోలేదు. టెన్‌పెన్నీ టవరను భవనములో ధనికులు కాపురముండి, వికృతదేహులను రానీయరు. ఆటగాడు ఓర్పుతో ఇరుపక్షములను సమాధానపరచి వారిని లోపలికి చేర్పవచ్చును. కొంతకాలమునకు మరలివచ్చి చూడగా, వచ్చినవారు ఉన్నవారిని చంపియుందురు. సంధి చేసినంతమాత్రమున ద్వేషము చావదనుటకు ఇంతకంటె నిష్ఠురమైన ఉదాహరణము ఈ క్రీడలో మరొకటి లేదు.

కాని పునాదిలోనే ఒక లోపము కలదు. కథాకాలము 2277, యుద్ధము జరిగి సరిగా 200 సంవత్సరములు. అయినను ఇండ్లలో కంకాళములు పడకలమీదనే యున్నవి, అంగళ్లలో నాటి తినుబండారములు నేటికిని దొరకుచున్నవి. జనులు చెత్త నడుమనే నివసింతురు. దున్నిన పొలము కనబడుట అరుదు. పడమటితీరమున 80 ఏండ్లలో పల్లె రాజ్యమైన లోకమిదియేనా యని సంశయము కలుగును. శిథిలము గతించినదానికి గుర్తుగా నుండుట మాని, ఆటగాడు తిరుగాడుటకు వేసిన రంగస్థలమైనది. ముగింపునందు నాయకుడు విషకిరణములతో నిండిన గదిలోనికి పోయి ప్రాణమర్పింపవలెను. ఆ కిరణములు తాకినను చావని సహచరుడు ప్రక్కన నున్నను లోనికి పోవుటకు నిరాకరించును. ఔచిత్యమునకు భంగకరమైన ఈ ఘట్టమును 2009లో 'బ్రోకెన్ స్టీల్' అను అనుబంధమున సవరించిరి. సవరించుటే దోషమును అంగీకరించుట.

ఈ క్రీడకు భారతదేశముతో ఒక చిన్న సంబంధము కూడ కలదు. ఇందలి రెండుతలల పశువులకు బ్రాహ్మిన్ అని పేరు. 2008లో మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చటి సాంస్కృతిక సున్నితత్వమును కారణముగ జూపి ఈ క్రీడను భారతదేశమున విడుదల చేయలేదు. అభ్యంతరము దేనిగూర్చియో వివరింపలేదు. అమెరికాలో మూపురముగల ఒక పశుజాతికి బ్రాహ్మన్ అని వ్యవహారము. క్రీడలోని పేరు దానినే స్ఫురింపజేయును. ఆ జాతి భారతదేశపు పశువులనుండి రూపొందినది. దాని మూలములలో నెల్లూరు పేరిట సముద్రములు దాటిన ఒంగోలు పశువులును ఉన్నవి. తెలుగుగడ్డమీది గిత్త పేరు మారి, రూపు మారి, తుదకు కల్పిత ప్రళయానంతరమున రెండుతలలతో మేయుచుండుట కాలవైచిత్ర్యము.

గతమును విడుచు విద్య

2010లో వెలువడిన 'ఫాలౌట్: న్యూ వెగస్' ఈ చరిత్రలో శిఖరమని చెప్పుట సమంజసము. దీనిని బెథెస్డావారి యంత్రసామగ్రితోనే ఆబ్సిడియన్ సంస్థ జాషువా సాయర్ నేతృత్వమున నిర్మించినది. బ్లాక్ ఐల్ శాఖలో పనిచేసినవారు ఆబ్సిడియన్ సంస్థకు మూలపురుషులగుటచే పాత సంప్రదాయము దీనిలో పునరుజ్జీవితమైనది. చూపునకు, మాటకు పొత్తు కుదురదను వాదమును ఈ కృతి ఒక్కటే ఖండించుచున్నది. దోషము సాధనమునందు లేదు. దానిని పట్టిన దృష్టియందున్నది.

కథాకాలము 2281. మొజావీ ఎడారిలోని హూవరు ఆనకట్టకొరకు పెక్కుపక్షములు పోటీపడుచున్నవి. షేడీ సాండ్స్‌నుండి పెరిగిన గణతంత్రము ఇప్పుడు పన్నులు, సైన్యము, దస్త్రములు, గొప్ప పశువర్తకుల పలుకుబడి కలిగి, శక్తికి మించి విస్తరించిన రాజ్యము. దాని కెదురుగా రోమక సామ్రాజ్యమును అనుకరించి బానిసత్వమును పాటించు సీజరు సేన. నడుమ ఒక పాత ధనికుడు, యుద్ధపూర్వపు నగరవైభవమును యథాతథముగ నిలుపజూచువాడు. మువ్వురును పూర్వలోకమున ఏదో ఒకదానిని పునరుద్ధరింపజూచువారే. ఆటగాడు వీరిలో ఎవరి పక్షమునైన చేరవచ్చును. అందరను కాదని వేరుగా నిలువవచ్చును. మంచి, చెడు అను ఒకే తక్కెడకు ప్రాధాన్యము తగ్గించి, ఒక్కొక్క సమాజమున వేర్వేరు కీర్తి, అపకీర్తి ఏర్పరచిరి. ఒక ఊర వీరుడైనవాడు పొరుగూర ద్రోహి. కడపటి యుద్ధమున శత్రుసేనాపతిని సైతము మాటతో వెనుకకు మరల్పవచ్చును. 1997నాటి సంప్రదాయమునకు ఇది నమస్కారము.

అనుబంధకథలు నాలుగింటిలో 2011నాటి 'ఆనెస్ట్ హార్ట్స్' ప్రత్యేకముగ పేర్కొనదగినది. జయన్ లోయలోని గుహలయందు రాండల్ క్లార్క్ అను సైనికుడు వదలిపోయిన దినచర్యలు చెదరియుండును. యుద్ధమున భార్యాబిడ్డలను కోల్పోయి, ఏకాకియై బ్రదికి, వృద్ధాప్యమున ఆ లోయకు వచ్చిన అనాథబాలలను తాను కనబడకుండనే కాపాడి, వారికి కావలసినవి అందించి, ఏకాంతముగ మరణించినవాడతడు. ఆ బాలల సంతతియే ఇప్పటి లోయవాసులు. వారికి అతడొక దైవము. ఆటగాడు అతనిని చూడడు. అక్షరములను మాత్రమే చదువును. కరుణరసము ఈ క్రీడలలో ఇంత గంభీరముగ పండుట అరుదు. గతమును మరువక, గతమునకు బానిసకాక, ముందువారికొరకు ఏదేని చేసిపోవుట అను ఈ తత్త్వమే కృతికంతటికిని ప్రాణము.

ఇండ్లు లేచినవి, ఊరు లేవలేదు

2015 నవంబరున వచ్చిన 'ఫాలౌట్ 4' బోస్టను పరిసరములలో 2287లో నడచు కథ. ఇందు నాయకునకు స్వరము కల్పించి సంభాషణలనన్నిటిని పలికించిరి. స్వరము లభించిన మాట నిజమే. కాని పలుకదగిన మార్గములు ఒక్కొక్కసారి నాలుగింటికి పరిమితమైనవి. అవియు ఒకటి రెండు పదముల సూచనలుగా తెరమీద కనబడును. పూర్వము మాట్లాడునది ఆటగాడు. ఇప్పుడు మాట్లాడునది నాయకుడు, ఆటగాడు వినువాడు.

అయినను ఇందొక నూతనగుణము కలదు. ఆటగాడు తన చేతితో ఇండ్లు కట్టవచ్చును, బావులు త్రవ్వవచ్చును, పంటలు వేయవచ్చును, జనులను పిలిచి నిలుపవచ్చును. మొలకెత్తుట యను కొలతకు ఇది అక్షరాల సరిపోవునట్లు కనబడును. లోతుగ చూచినచో అట్లు తోచదు. వచ్చి చేరినవారిలో పెక్కురకు పేరు లేదు. వారికి తగవులు లేవు, పెండ్లిండ్లు లేవు, కట్టుబాట్లు లేవు. ఎవరిని పలుకరించినను అవే మాటలు. గోడలు కూడి ఇల్లగును గాని ఇండ్లు కూడినంత మాత్రమున ఊరు కాదు. ఆరాదేష్ పల్లెలో గుడిసెలు కొన్నియే. అయినను అది ఊరు.

2018 నవంబరున వెలువడిన 'ఫాలౌట్ 76' అనేకులు ఒకేసారి అంతర్జాలముద్వారా కూడి ఆడునది. స్థలము వెస్ట్ వర్జీనియా, కాలము 2102. దానియందు ఆటగాండ్రు తప్ప మాటలాడు మనుష్యులే లేకుండిరి. మరమనుషులు, చచ్చినవారు వదలిన శబ్దముద్రణలు, ఉత్తరములు మాత్రమే కథను చెప్పెడివి. అడిగిన దానికి బదులు చెప్పువాడు లేనిచోట ధర్మసంకటము పుట్టదు. అంతేకాక ఆటగాండ్రే అణ్వస్త్రమును ప్రయోగింపవచ్చును. ప్రయోగించినచోట అరుదైన వస్తువులు లభించును. ఏ మహాపాపమువలన ఈ లోకము బూడిదయైనదో ఆ పాపమే ఫలసాయమగుట ఈ చరిత్రలోకెల్ల పెద్ద విపర్యాసము. 2020 ఏప్రిలున 'వేస్ట్‌లాండర్స్' అను చేర్పుతో మనుష్యపాత్రలను, సంభాషణలను మరల తెచ్చిరి. శిథిలములు ఎంత సుందరములైనను మనుష్యుడు లేక కథ నిలువదని నిర్మాతలే తెలిసికొన్నట్లైనది.

పాత వేరు, క్రొత్త చిగురు

ఈ నడుమ పాతశాఖ మరల చిగిర్చినది. 2012లో బ్రయన్ ఫార్గో ప్రజలనుండి ముందుగ చందాలు గోరగా 60 వేలకు పైబడిన జనులు సుమారు 29 లక్షల డాలర్లు సమకూర్చిరి. 2014లో 'వేస్ట్‌లాండ్ 2' వెలువడినది. ఆరంభముననే రెండు ఊళ్లు ఏకకాలమున సహాయము గోరును: ఒకటి నీరిచ్చునది, రెండవది పంట నిచ్చునది. ఒకదానికి పోయినచో రెండవది నశించును. నశించువారి ఆర్తనాదము రేడియోలో వినబడుచుండును. 2020నాటి 'వేస్ట్‌లాండ్ 3' కొలరాడో మంచునేలలో నడచును. తమవారి ఆకలి తీరుటకై ఒక నిరంకుశపాలకునితో చేయి కలుపవలసివచ్చిన రేంజర్ల సంకటము దాని వస్తువు. తూర్పు ఐరోపావారును ఈ శాఖను తమ నేలలో నాటిరి. సెర్బియాలో పుట్టిన 'అండర్‌రెయిల్' 2015లో, 1986లో యుద్ధము జరిగి సోవియట్ దేశము నశించినట్లు కల్పించిన 'ఆటమ్' 2018లో వెలువడినవి. తమ తమ పూర్వలోకములను స్మరించుటకు ఎవరి భాష వారికి ఉండవలెనను సత్యమును ఇవి చాటుచున్నవి.

పల్లె ఏమైనది?

ఆబ్సిడియన్ సంస్థయు, ఫార్గోయొక్క ఇన్‌ఎక్సైల్ సంస్థయు 2018లో మైక్రోసాఫ్టు కొనినవి. బెథెస్డా మాతృసంస్థ 2021లో చేరినది. విడిపోయిన శాఖలన్నియు ఒకే యజమాని నీడకు వచ్చినవి. 2024 ఏప్రిలున అమెజాన్ సంస్థ ఫాలౌట్ లోకమును టెలివిజను కథగా ప్రసారము చేసినది. నిర్మాణము శ్రద్ధగలది, నటన మెచ్చదగినది. అందు షేడీ సాండ్స్ కనబడును. ఊరుగా కాదు, పెద్ద గొయ్యిగా. రెండవ పర్యాయము పడిన అణుబాంబు ఆ నగరమును తుడిచిపెట్టినది.

కథాకారులకు తమ లోకమును నాశనము చేయు స్వాతంత్ర్యము కలదు. మౌసలపర్వమును ఎరిగినవారు దానిని కాదనరు. ఆ గొయ్యి దుఃఖకారణముగనే చూపబడినదని కూడ ఒప్పుకొనవలెను. కాని 1997లో పంటల మార్పిడి నేర్చుకొన్న పల్లె, 1998లో రాజధానియై, 2010లో రాజ్యభారముచే అలసి, 2024లో గొయ్యియగుట ఒక్క కథలోని సంఘటన మాత్రమే కాదు. బీడు బీడుగనే యుండినచో మరల మరల అమ్మవచ్చును. పైరు పెరిగినచో కథ మారవలెను. పాలనము, న్యాయము, నీటితగవు, వారసత్వము అను కఠినమైన ప్రశ్నలను ఎదుర్కొనవలెను. భగ్నసౌధములను చిత్రించుటకంటె సభను చిత్రించుట కష్టము. ఈ జాతి క్రీడల భవితవ్యము ఆ కష్టమునకు ఒప్పుకొనుటలోనే యున్నది.

తాతల నేలకు దూరముగా, షోలాపురపు మగ్గముల నడుమను, బరంపురపు వీధులలోను, హోసూరు పొలములలోను, యానాము గోదావరి యొడ్డునను తరతరములుగ బ్రదుకుచున్న తెలుగువారి వలస ప్రళయము కాదు. రెండింటిని పోల్చుట తగదు. అయినను వెంట తెచ్చుకొన్నదానిలో దేనిని నిలుపుకొనవలెను, దేనిని విడువవలెను, పిల్లలకు ఏమి చెప్పవలెను అను ప్రశ్న వారికి కథలోనిది కాదు, ఇంటిలోనిది. అందుచే ఈ క్రీడలను ఆడు బిడ్డలను చూచి కాలక్షేపమని త్రోసివేయుటకంటె, ఆ తెరమీది ఊరు మొలకెత్తుచున్నదా లేదా యని వారి నడుగుట మేలు. ఏ కృతిలో ఆటగాని మాటకు బరువున్నదో, వేసిన విత్తునకు పేరుగల మనుష్యుడు నీరు పోయుచున్నాడో, ఆ కృతి నిలుచును. తక్కినవి ఎంత విశాలములైనను, ఎంత కన్నులపండువైనను, బీడులే.